నాయన బండి

చాలా కాలంగా వ్రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఇందులో నేనేమంత మంచివాడిగా కనబడను. అయినా వ్రాసేస్తే తప్ప మనసు కుదుటపడేలా లేదు. మీలో ఎవరికైనా పల్లెలో ఒక ఇల్లూ, ఆ ఇంట్లో ఒక పాత వస్తువూ మిగిలి ఉంటే నా అవస్థ సులువుగానే అర్థమవుతుంది.

మాది నెల్లూరు జిల్లాలో పొదలకూరుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊరు. చుట్టూ నిమ్మతోటలు. నేను పాతికేళ్ళకు పైగా హైదరాబాదులో ఉద్యోగం వెలగబెడుతున్నాను. తమ్ముడు ఊళ్ళోనే ఉండిపోయాడు. మూడున్నర ఎకరాల తోట, నాయన కొన్న టాటా 207 పికప్పు, ఈ రెండూ వాడి జీవనాధారాలు. నిమ్మకాయ ధరను నమ్ముకుని ఎవరూ సంసారం నడపలేరు. 2022 వేసవిలో కిలో నూరు రూపాయలు దాటిన కాయే మరొక ఏడు కోతకూలికి కూడా గిట్టుబాటు కాదు. బండి అలా కాదు. చుట్టుపక్కల తోటల కాయలను పొదలకూరు మార్కెట్టుకు చేర్చి బాడుగ తీసుకుంటే ధర ఎలా ఉన్నా ఆ రోజుకు ఆ డబ్బు చేతికి వస్తుంది. తోట ఆశ, బండి అన్నం అంటాడు వాడు.

ఆ బండిని నాయన 1997లో అప్పు చేసి కొన్నాడు. అంతకు ముందు మా ఊరి కాయలు ఎద్దుల బండి మీద రోడ్డు దాకా వెళ్ళి, అక్కడి నుండి ఒక వ్యాపారి గారి అల్విన్ నిస్సాన్ ట్రక్కులో పట్నం వెళ్ళేవి. ఈ పేరు ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. 1980లలో చిన్న ట్రక్కుల తయారీకి నాలుగు జపాను కంపెనీలు మన దేశంలో నాలుగు చోట్ల భాగస్వాములను వెతుక్కున్నాయి. ఢిల్లీ పక్కన టొయోటా, పంజాబులో మాజ్డా, మధ్యప్రదేశ్‌లో మిత్సుబిషి, మన జహీరాబాదులో నిస్సాన్. రిఫ్రిజిరేటర్లకూ బస్సు బాడీలకూ పేరుపడిన మన హైదరాబాదు అల్విన్ వారే ఆ నిస్సాన్ భాగస్వాములు. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా వారి చేతికి వెళ్ళింది. 1986లో వచ్చిన టాటా 407 ముందు ఆ జపాను బండ్లు గట్టిగా నిలబడలేకపోయాయి. ఈ చరిత్రంతా నేను తరువాత చదువుకుని తెలుసుకున్నది. అప్పట్లో నాకు తెలిసిందల్లా, ఆ ట్రక్కు వచ్చి ఆగినప్పుడు నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తట్టి, ఏమీ మాట్లాడకుండా వచ్చి నిలబడేవాడని మాత్రమే.

టాటావారి పికప్పు 1988లో వచ్చింది. తరువాత పట్నాల్లో షికారు చేసిన సియెరా, ఊరూరా తిరిగిన సుమో ఆ కుటుంబంలోవే. రెండు లీటర్లకు కొంచెం తక్కువైన డీజిల్ ఇంజను. నాయన ఎద్దులనూ బండినీ అమ్మి, వచ్చిన డబ్బుకు అప్పు కలిపి దానిని ఇంటికి తెచ్చాడు. నేనప్పుడు నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. సెలవులకు ఇంటికి వెళితే పశువుల కొట్టంలో తెల్లని కొత్త బండి ఉంది. వెనుక తలుపు మీద ఎర్రటి అక్షరాలతో ‘శ్రీ పెంచలస్వామి ప్రసన్న’ అని వ్రాయించాడు. మా వైపు ఏ శుభకార్యమైనా పెంచలకోనకు వెళ్ళి నరసింహస్వామికి చెప్పి గానీ మొదలు పెట్టరు.

ఆయనకు రెండు అలవాట్లుండేవి. ఒకటి, బండిని ఎప్పుడు ఆపినా ఏటవాలు నేల వెతుక్కుని, ముందు చక్రాలు పల్లం వైపు ఉండేలా ఆపడం. బ్యాటరీ మొరాయిస్తే గేరులో వేసి వదిలితే చాలు, రెండు బారలు దొర్లి ఇంజను అందుకునేది. రెండవది, ఒక బౌండు పుస్తకం. డీజిలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు అంకె, ధర వ్రాసేవాడు. చివర ‘రిమార్కు’ అని ఒక గడి. అందులో ‘కమాను పట్టీ మార్చినది’, ‘వాన’, ‘పెద్దోడి ఫీజు’ వంటి మాటలుండేవి. పెద్దోడిని నేనే.

2019లో ఆయన పోయారు. పుస్తకం తమ్ముడి చేతికి వచ్చింది. వాడూ వ్రాస్తున్నాడు.

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం వాడు ఫోను చేశాడు. పదిహేను బస్తాల కాయలతో మార్కెట్టుకు వెళుతుంటే ఇంజను వేడెక్కి, హెడ్డు గాస్కెట్టు పోయి, బండి నడిరోడ్డు మీద ఆగిపోయిందట. ఎండలో కాయలు వడలిపోతుంటే మరొకరి బండిని బతిమాలుకుని ఎక్కించేసరికి వేలం అయిపోయిందట. ఆ రోజు పోయింది వాడి కాయలు కాదు, నమ్మి ఎక్కించిన వాళ్ళవి. ఆ నష్టం వాడే పెట్టుకున్నాడు. ఆ మాట నాకు ఫోనులో చెప్పలేదు. తరువాత అమ్మ చెప్పింది.

“పాత బండి ఇంక లాగదన్నా. ఒక బొలెరో పికప్పు చూసిండా. 2018 మాడల్. అయిదు లక్షల పదివేలకు ఇస్తానంటుండాడు” అన్నాడు.

నేను వెంటనే అన్న మాట ఇప్పటికీ నా చెవులలో ఉంది. “నాయన బండిని అమ్ముతావా?”

వాడు కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “నువ్వు ఏమంటే అదేలే” అన్నాడు.

నేను చాలా ఉత్సాహపడ్డాను. పాత బండ్లను ఒక్కొక్క మరా విప్పి, తుప్పు గీకి, కొత్తవాటిలా నిలబెట్టేవాళ్ళ వీడియోలు నేనూ చాలానే చూశాను. వాటిలో చివరికి బండి షెడ్డు నుండి వెలుగులోకి వచ్చేటప్పుడు నా కళ్ళు చెమర్చిన రోజులున్నాయి. డబ్బు నేనిస్తాను, బండిని మొదటి రోజున ఎలా ఉందో అలా చేయిద్దాం అన్నాను. నెల్లూరులో నాయన నమ్మిన మేస్త్రితో ఫోనులో మాట్లాడి జాబితా వేయించాను. ఇంజను పూర్తిగా విప్పి బోరు, స్లీవులు, పిస్టన్లు, క్రాంకు సాన, బేరింగులు అన్నీ కలిపి ఎనభై అయిదు వేలు. పంపూ నాజిళ్ళూ ఇరవై రెండు వేలు. క్యాబిను, తొట్టి టింకరింగు అరవై వేలు. రంగు పాతిక వేలు. సీట్లు, అద్దాల రబ్బర్లు, దీపాలు, చిల్లర సామాను ముప్పై ఎనిమిది వేలు. మొత్తం రెండు లక్షల ముప్పై వేలు. వెనుక తలుపు మీద అక్షరాలు అదే ఎరుపుతో, అదే వంపుతో వ్రాయించాలని ప్రత్యేకంగా చెప్పాను.

తమ్ముడికి నచ్చచెప్పడానికి లెక్క కూడా కట్టాను. పుస్తకంలోని పేజీలను ఫోటోలు తీసి పంపించమన్నాను. 2023లో బండి తిరిగింది 14,200 కిలోమీటర్లు. త్రాగింది 1,560 లీటర్లు. అంటే లీటరుకు తొమ్మిది. బాగుచేస్తే పదిన్నర ఇస్తుందని మేస్త్రి మాట. బొలెరో పదమూడు ఇస్తుందని అమ్మేవాడి మాట. ఆ తేడా ఏడాదికి 260 లీటర్లు, లీటరు 98 చొప్పున పాతిక వేల చిల్లర. పాతబండి షెడ్డులో పడి ఉన్న రోజులు ఆ ఏడు ముప్పై ఒకటి. బాగుచేశాక పదకొండుకు మించవనుకున్నాను. తగ్గని ఆ పదకొండు రోజులు బొలెరోకూ ఉంటాయనుకున్నాను. మిగిలిన ఇరవై రోజులకు వేరే బండి బాడుగ రోజుకు పన్నెండు వందల చొప్పున ఇరవై నాలుగు వేలు. రెండూ కలిపి బొలెరో వల్ల ఏటా మిగిలేది సుమారు యాభై వేలు. మరి దాని ఖర్చు? నేనిచ్చేది పోను రెండు లక్షల ఎనభై వేలు అప్పు చేయాలి. మొదటి ఏడు వడ్డీ ముప్పై ఆరు వేలు. బండి విలువ తరుగుదల నలభై అయిదు వేలు. మొత్తం ఎనభై ఒక్క వేలు. కాబట్టి పాతదానిని బాగుచేయించుకోవడమే ఏడాదికి ముప్పై వేలు లాభం!

ఇంత చక్కని లెక్కను నా ఉద్యోగంలో కూడా ఎప్పుడూ వేయలేదు. వాడికి పంపాను. ‘సరే అన్నా’ అని జవాబు వచ్చింది.

ఆగస్టులో నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరు వెళ్ళాను. బండిని షెడ్డుకు పంపే ముందు ఒకసారి దానిలో మార్కెట్టుకు వెళ్ళాలని నా కోరిక. మేస్త్రి కొత్త గాస్కెట్టు వేసి తాత్కాలికంగా నడిచేలా చేశాడు. తెల్లవారుజామున తమ్ముడు తాళం త్రిప్పి, హీటర్ల దీపం ఆరేదాకా ఆగి, సెల్ఫు కొట్టాడు. ఇంజను మొదట ఒకటి రెండు సార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఆ తరువాత ఆ పాత లయను అందుకుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా నా తెల్లవారుజాములు ఆ శబ్దంతోనే మొదలయ్యేవి. సంతోషంతో నాకు మాట రాలేదు.

ఆ శబ్దం గురించి ఒక మాట. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. డీజిల్ ఇంజనుకు అక్కరలేదు. గాలిని ఇరవై రెట్లకు పైగా కుదిస్తే అది తనంతట తానే విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిలును చిమ్మితే అంటుకుంటుంది. నాయన బండి వంటి పాత ఇంజన్లలో డీజిలు నేరుగా పిస్టను మీద పడదు. హెడ్డులో ఉన్న ఒక చిన్న గదిలో మొదట అంటుకుని, అక్కడి నుండి క్రిందికి వస్తుంది. అందుకే శబ్దం కొంచెం మెత్తగా ఉంటుంది. ఆ గది గోడలు కొంత వేడిని మింగేస్తాయి గనుక మైలేజీ కూడా తగ్గుతుంది. అంటే నేను మురిసిపోతున్న ఆ మెత్తని మ్రోతకు తమ్ముడు లీటర్ల లెక్కన డబ్బు కడుతున్నాడన్నమాట. ఇది నాకు తరువాత తోచింది.

ఊరు దాటాక రోడ్డు ఒకచోట చెరువు కట్ట మీది నుండి పల్లానికి దిగుతుంది. క్రింద మలుపు. ఎదురుగా గొర్రెల మంద. తమ్ముడు బ్రేకు త్రొక్కాడు. బండి ఆగలేదు. కాలు ఎత్తి మళ్ళీ త్రొక్కాడు. అప్పుడు పట్టింది. మందకు ఇంకా దూరం ఉంది, ప్రమాదమేమీ జరగలేదు. కానీ నా రెండు చేతులూ ముందున్న కడ్డీని పట్టుకుని ఉన్నాయి.

“ఏమయిందిరా?”

“ఏం కాలా. రెండు తూర్లు తొక్కాల. మొదటి తూరి ఉత్తదే.”

“ఎప్పటి నుండి?”

“రెండేండ్లయింది. అలవాటై పోయిండాది.”

ఆ బండిలో వాడి భార్య పుట్టింటికి వెళ్ళి వస్తుంది. వాడి కూతురు బడికి ఆలస్యమైన రోజున ముందు సీట్లో కూర్చుంటుంది. మరి ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్షలో ఎలా నెగ్గుతున్నదని అడిగాను. పరీక్షకు ముందు మాస్టరు సిలిండరుకు కొత్త కిట్టు వేయిస్తాడట. లోపల గీతలు పడి ఉండటం చేత ఆ కొత్త రబ్బర్లు కొన్ని నెలలకే అరిగిపోతాయట. సిలిండరే మార్చాలి. అలా మార్చబోయిన ప్రతిసారీ టైరో, బ్యాటరీయో, కమానో, అంతకంటే అవసరమైనదేదో అడ్డు వచ్చిందట.

బ్రేకు అయిదారు వేలతో పోయే జబ్బు. దాని కోసం బండిని అమ్మనక్కరలేదు, నాకూ తెలుసు. నన్ను కలవరపెట్టింది అది కాదు. నా రెండు లక్షల ముప్పై వేల జాబితాలో ఎర్ర అక్షరాలున్నాయి, సీట్ల గుడ్డ ఉంది, ఆఖరుకు హారను కూడా ఉంది. బ్రేకు లేదు. నేను మేస్త్రిని అడగలేదు. నేను అడగనిది ఆయన చెప్పలేదు. తమ్ముడిని అసలు అడగనే లేదు. నాకు గుర్తున్న భాగాలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. వాడు రోజూ కాలు పెట్టే భాగం లేదు.

ఆ మధ్యాహ్నం నెల్లూరు వెళ్ళి బండిని గుంట మీద పెట్టించాము. నేను కూడా క్రిందికి దిగాను. మేస్త్రి టార్చి వేసి చూపించాడు. వెనుక కమాను కొక్కెం దగ్గర చట్రం పగిలి, అతికించి, మళ్ళీ పగిలి, మళ్ళీ అతికించిన గుర్తులున్నాయి. మచ్చ మీద మచ్చ. ఏళ్ళ తరబడి చితికిన నిమ్మకాయల రసం కారి తొట్టి అడుగు రేకు జల్లెడలా అయింది. నిమ్మరసం వంటింటి ఇత్తడి చెంబునే తోమేస్తుంది గదా, ఇనుప రేకును వదులుతుందా?

“మేస్త్రీ, ఇదంతా బాగవుతుందా?” అని అడిగాను.

“ఎందుకు కాదు సార్. మీరు ఎంత పెడితే అంత బాగవతాది. దీనికి ఇంతే అని ఉండదు” అన్నాడాయన. ఆ తరువాత తమ్ముడి వైపు చూసి, “రోజూ లోడు తోలే బండా, షోకుకు పెట్టుకునే బండా, అది తేల్చుకోండి ముందు” అన్నాడు.

తిరిగి వస్తూ దారిలో టీ కొట్టు దగ్గర ఆగాము. తమ్ముడు అలవాటుగా పల్లం చూసి ఆపాడు. టీ చేతికి వచ్చాక నేలను చూస్తూ అడిగాడు.

“ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దన్నా. ఈ బండి నీకు కావాలా, నాకు కావాలా?”

నేను జవాబు వెతుక్కుంటుండగానే, “నీకు కావాలంటే హైదరాబాదు తీసకపో. నేనేం వద్దంటానా? ఆడ పెట్టుకొని ఆదివారం ఆదివారం తోలుకో” అన్నాడు. వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను బాధించింది. నిజంగానే ఇస్తున్నాడు. నేను ఉండే అపార్టుమెంటులో రెండవ వాహనానికి చోటు లేదు. ఉన్నా తీసుకువెళ్ళేవాడిని కాను. ఆ విషయం నాకా క్షణంలోనే తెలిసింది. నాయన జ్ఞాపకం నాకు కావాలి. దాని స్టీరింగు మాత్రం తమ్ముడి చేతిలో ఉండాలి. దాని పొగ, దాని బ్రేకు, నడిరోడ్డు మీద ఆగిపోయిన మధ్యాహ్నాలు అన్నీ వాడివి. పండుగకు వచ్చి వెళ్ళేటప్పుడు ఆ మ్రోత విని మురిసిపోవడం నా వంతు.

ఆ రాత్రి నా లెక్కను మళ్ళీ తీశాను. ఈసారి కాస్త సిగ్గుతో. పాత బండిని అమ్మితే వచ్చే డబ్బును కలపనే లేదు. రెండు లక్షల ముప్పై వేలు పెట్టి బాగుచేసినా మార్కెట్టులో ఆ బండికి లక్షా ఇరవై వేలకు మించి రాదు. ఆ తరుగుదలను లెక్కలో వేయలేదు. చట్రం లేదు, బ్రేకు లేదు. షెడ్డులో ఉండే రోజులు ముప్పై ఒకటి నుండి పదకొండుకు తగ్గుతాయని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నాకు ఎంత కావాలో అంత వేసుకున్నాను. ఎనిమిదేళ్ళు దాటిన సరకు బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. పదిహేనేళ్ళు దాటినవాటికి ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుండి ఎన్నో రెట్లు పెంచారు. అదీ నా లెక్కలో లేదు. మనసు ముందే తీర్పు వ్రాసేసుకుంటే అంకెలు గుమాస్తాల్లా దాని వెనుక నడుస్తాయి.

అమ్మ మంచం మీద కూర్చుని మా మాటలు వింటోంది. ఆమె అభిప్రాయం అడగాలని కూడా మాకు తోచలేదు.

“మీ నాయన ఉంటే ఈపాటికి అమ్మేసుండేవాడురా” అన్నది.

“ఆ బండంటే ఆయనకు ప్రాణం కదమ్మా!” అన్నాను.

“ఎద్దులంటే మాత్రం కాదా? వాటిని తోలకపోయిన రోజు రెండు పూటలు అన్నం తిన్లా. కొట్టంలో పోయి కూచున్నాడు. అయినా అమ్మలా? నీ ఫీజు కట్టాల, చిన్నోడిని సాకాల. ఎద్దుల్ని చూసుకుంటా కూచుంటే జరగదని ఆయనకు తెల్సు.”

నేను హాస్టలు నుండి వచ్చి కొట్టంలో కొత్త బండిని చూసి గంతులు వేసిన రోజు గుర్తుకొచ్చింది. ఎద్దులేవని నేను అడిగానా? అడిగిన గుర్తు లేదు. పాతికేళ్ళుగా నేను ‘నాయన బండి’ అంటున్నది, నిజానికి ఆయన తనకిష్టమైన పాతదానిని వదులుకుని తెచ్చుకున్న కొత్త బండి. ఆయనను తలచుకోవడానికి నేను ఆయన చేయని పనిని ఎంచుకున్నాను.

సెప్టెంబరులో బొలెరో కొన్నాము. నేను రంగుకూ ఇంజనుకూ ఇస్తానన్న రెండు లక్షల ముప్పై వేలూ దానికే ఇచ్చాను. తమ్ముడు దాచుకున్నది అరవై వేలు, పాత బండి అమ్మగా వచ్చినది డెబ్భై వేలు, మిగిలిన లక్షన్నర అప్పు.

పూర్తిగా కొత్తది కాక 2018 నాటిదే ఎందుకని నేనడిగితే వాడు చెప్పిన సమాధానం నాకు నచ్చింది. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లలో పొగను శుభ్రపరిచే సరంజామా ఎక్కువ. మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది తనను తాను కాల్చుకుని శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు దూరం, వేగంగా పోవాలి. వాడి ప్రయాణాలు తోట నుండి మార్కెట్టుకు, మార్కెట్టు నుండి ఇంటికి. గాలికి మంచిదే, కానీ మా ఊరి బాటల మీద తిరిగే వాడికి మాత్రం తలనొప్పి. పాతదానికి మరీ ముందుకూ, కొత్తదానికి కొంచెం వెనుకకూ ఉన్న బండి వాడికి సరిపోయింది. ఇదంతా వాడు మార్కెట్టులోని నలుగురు డ్రైవర్లను అడిగి తెలుసుకున్నాడు. ఏ వీడియో చూసీ కాదు.

దీనికీ కష్టాలున్నాయి, లేవనను. దీని డీజిలు వెయ్యి రెట్లకు మించిన గాలి ఒత్తిడితో చిమ్ముతుంది. ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు చెబుతుంది. నాయన బండి నాజిలును చెట్టు క్రింద విప్పి బాగుచేసినట్టు దీనిని చేయలేము. మొదటి నెలలోనే ఒక సెన్సారు పోయి, ల్యాప్‌టాప్ ఉన్న మెకానిక్కు కోసం నెల్లూరు దాకా వెళ్ళవలసి వచ్చింది. తమ్ముడు నాకు ఫోను చేసి నవ్వాడు. “ఇది జబ్బేందో తన నోటితో చెప్పదన్నా. డాక్టరు మిషను పెట్టి చూడాల.”

పాత బండిని పాత వాహనాలు విప్పి భాగాలు అమ్మే వ్యాపారి కొన్నాడు. రిజిస్ట్రేషను రద్దు కాగితాలు చేతికి వచ్చేదాకా తమ్ముడు అప్పగించలేదు. ఈ ఒక్క విషయంలో నా సలహా పనికివచ్చింది. అప్పగించే ముందు వెనుక తలుపును విప్పి ఉంచుకుందామని నేనన్నాను. దేవుడి పేరున్న రేకును ఎక్కడ పెడతావని అమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తలుపు కూడా బండితోనే వెళ్ళింది. ఆ రోజు తమ్ముడు భోజనం సగంలో లేచిపోయాడట. ఇదీ అమ్మే చెప్పింది. వాడికి ఆ బండి మీద ప్రేమ లేదని నేను ఎందుకనుకున్నానో!

ఇటువంటి తర్జనభర్జనలో ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, నాకు ఆలస్యంగా తెలిసినది ఒక్కటే చెప్పగలను. పాతవాటిని బాగుచేసుకోవడం తప్పు కాదు. తన చేతులతో విప్పి, తన డబ్బు పెట్టి, తానే నడుపుకునేవారంటే నాకు ఇప్పటికీ గౌరవమే, కొంచెం అసూయ కూడా. కానీ ఆ వస్తువు వేరొకరికి అన్నం పెడుతున్నదైతే, ముందు వారి జాబితా అడగండి. బ్రేకు దానిలో ఉంటుంది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ బౌండు పుస్తకాన్ని చూశాను. తమ్ముడు కొత్త పుస్తకం మొదలుపెట్టలేదు. నాయన చేతివ్రాత, ఆ తరువాత వాడి చేతివ్రాత, ఆ తరువాత ఒక అడ్డగీత. దాని క్రింద కొత్త బండి నంబరు, మొదటి డీజిలు, మీటరు అంకె. మైలేజీ పన్నెండున్నర వస్తోంది. అమ్మినవాడు చెప్పిన పదమూడు రాలేదు. రిమార్కు గడిలో ‘పెద్దోడి డబ్బు’ అని ఉంది.

బయటకు వచ్చి చూస్తే బండి కొట్టం ముందు ఆగి ఉంది. కొత్త బ్యాటరీ, తాళం త్రిప్పగానే అందుకుంటుంది. అయినా ముందు చక్రాలు పల్లం వైపే ఉన్నాయి.